రెండు అద్దాల కిటికీలు: డెల్టా ఇళ్లలో వినిపించే అపోహలు - వాస్తవాలు

అపోహ: కిటికీకి రెండు అద్దాలు వేయిస్తే చాలు, గది చల్లగా ఉంటుంది.

వాస్తవం: ఈ పనిలోకి వచ్చిన కొత్తలో అమలాపురం దగ్గర ఒక ఇంటి పడమటి గోడకు నిలువెత్తు కిటికీ బిగించాను. రెండు తెల్ల అద్దాలు (రంగు, పూత లేనివి), నడుమ 12 మిల్లీమీటర్ల ఖాళీ. ఆ వేసవిలోనే ఇంటాయన ఫోను చేశారు. సాయంత్రం నాలుగింటికి గదిలో కూర్చోలేకపోతున్నామని, ఏసీ ఆగకుండా తిరుగుతోందని చెప్పారు. అద్దంలో లోపం లేదు, బిగింపులోనూ లేదు. తప్పు నా ఎంపికలో ఉంది.

అద్దం గుండా వేడి రెండు దారుల్లో వస్తుంది. బయటి గాలి వేడి అద్దాన్ని దాటి లోపలికి రావడం ఒకటి, ఎండ నేరుగా చొరబడడం మరొకటి. బయట 38 డిగ్రీలు, గదిలో 25 ఉన్నాయనుకోండి. మొదటి దారిలో చదరపు మీటరు ఒంటి అద్దం గుండా సుమారు 74 వాట్ల వేడి వస్తుంది. జంట అద్దమైతే అందులో సగమే. అదే సమయంలో పడమటి కిటికీ మీద చదరపు మీటరుకు 500 వాట్ల ఎండ పడుతుంటే, ఒంటి తెల్ల అద్దం 400 వాట్లను లోపలికి వదులుతుంది, జంట తెల్ల అద్దం 350 వాట్లను. మంచు దేశాల్లో లోపలికీ బయటికీ 30 డిగ్రీల తేడా ఉంటుంది కాబట్టి అక్కడ రెండో అద్దానికి అంత విలువ. మనం ముందు ఆపవలసింది ఎండను.

మే నెల మధ్యాహ్నం సూర్యుడు మనకు దాదాపు నడినెత్తిన ఉంటాడు. దక్షిణపు కిటికీకి రెండడుగుల సన్‌షేడ్ సరిపోతుంది. తూర్పు, పడమరల్లో ఏటవాలు ఎండ ఆ సన్‌షేడ్ కిందినుంచే దూరి వస్తుంది. మన పాత పెంకుటిళ్లకు లోతైన వసారాలు కట్టి, వేసవిలో వట్టివేళ్ల తడికెలు వేలాడదీసింది ఇందుకే. అమలాపురం ఇంటికి కూడా ముందు వెదురు తడికె కట్టించి, తర్వాత అద్దం మార్చాను.

అపోహ: లోపల మందపాటి కర్టెన్ వేస్తే అదే పని జరుగుతుంది.

వాస్తవం: కర్టెన్ దాకా వచ్చిన వేడిలో ఎక్కువ భాగం గదిలోనే ఉండిపోతుంది. నీడ అద్దానికి బయట పడాలి.

అపోహ: లో-ఇ పూత (వేడిని తిప్పికొట్టే కంటికి కనిపించనంత పలుచని పొర) ఉన్న అద్దాలన్నీ ఒకటే.

వాస్తవం: ఎండను రానిచ్చి గది వేడిని కాపాడే పూత చలి దేశాలది. మనకు ఎండ వేడిని ఆపే రకం కావాలి. కొనేటప్పుడు ఎస్‌హెచ్‌జీసీ ఎంత అని అడగండి, అద్దం మీద పడిన ఎండ వేడిలో ఎంత వంతు లోపలికి వస్తుందో చెప్పే అంకె అది. ఆ అంకె 0.3 దరిదాపుల్లో ఉంటే పడమటి గదికి మంచిది. పూత బయటి అద్దపు లోపలి ముఖం మీద ఉండాలి. చీకటిపడ్డాక, బయటికి ఉండాల్సిన వైపు నిలబడి అద్దం ముందు అగ్గిపుల్ల వెలిగిస్తే, ఒక్కో ముఖానికి ఒకటి చొప్పున అద్దంలో నాలుగు మంటలు కనిపిస్తాయి. మీ వైపునుంచి లెక్కపెడితే రెండో మంట రంగు తేడాగా ఉండాలి. బిగించే ముందే ఇది చూసుకోండి, తిరగేసి బిగించిన అద్దాలు నేను చూశాను.

అపోహ: అద్దాల మధ్య శూన్యం ఉంటుంది. అక్కడ ఆవిరి పట్టడం వానాకాలంలో మామూలే.

వాస్తవం: మామూలు జంట అద్దంలో ఉండేది పొడి గాలి లేదా ఆర్గాన్. అంచు పట్టీలోని గుళికలు లోపలి తేమను పీల్చుకుంటాయి. వానాకాలం తెల్లవారుజామున, ఏసీ గది కిటికీకి బయటి వైపు చెమర్చితే భయం లేదు. రెండు అద్దాల నడుమ మసక పట్టిందంటే మాత్రం అంచు సీలు పోయినట్టే. దాన్ని తుడవలేం, ఆ అద్దాల జత మార్చాల్సిందే. మన తేమలో సీలు బతకాలంటే ఫ్రేము అడుగున నీరు పోయే రంధ్రాలు తెరిచి ఉండాలి. చీమలు వస్తున్నాయని వాటిని సిమెంటుతో పూడ్చేస్తుంటారు. అద్దం అంచు నీళ్లలో నానితే ఎంత మంచి సీలైనా నిలవదు. దయచేసి ఆ పని చేయకండి.

అపోహ: రెండు అద్దాలుంటే తుపానుకు భయం లేదు.

వాస్తవం: 1996 నవంబరు తుపాను కోనసీమను ఏం చేసిందో చూసినవాళ్లకు చెప్పనక్కరలేదు. ఎగిరివచ్చే రేకు ముక్కకు రెండు మామూలు అద్దాలూ పగులుతాయి. పగిలినా ముక్కలు చెదరకుండా పట్టి ఉంచేది నడుమ పొర ఉన్న లామినేటెడ్ అద్దం. తీరం దగ్గరి ఇళ్లలో జంటలో కనీసం ఒకటైనా అదే వేయించండి. మరలు, బందులు స్టెయిన్‌లెస్ స్టీలువి అడగండి, ఉప్పుగాలికి మామూలు ఇనుము నిలవదు.

అపోహ: ఇల్లంతా వేయిస్తేనే లాభం.

వాస్తవం: ఏసీ లేని గదికి కావలసింది తెరుచుకునే కిటికీ. సాయంత్రం సముద్రపు గాలి వచ్చే వైపు రెండు రెక్కలూ పూర్తిగా తెరుచుకునేలా పెట్టించండి. పై అంతస్తు అయితే ముందు శ్లాబు మీద వేడి ఆపే పని చేయించి, మిగిలిన డబ్బు పడమటి పడకగది అద్దానికి పెట్టండి.