ఎఫ్/2.8 కొనాలా, ఎఫ్/4 సరిపోతుందా? జూమ్ లెన్సుల మీద అపోహలు - వాస్తవాలు

"70-200 కొందామనుకుంటున్నాను, 2.8 తీసుకోమంటారా, ఫోర్ సరిపోతుందా?" పెళ్లిళ్లు, స్టేజీ ప్రోగ్రాములు తీసే మా లాంటి వాళ్లను కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. 70-200 అంటే 70 నుంచి 200 మి.మీ. దాకా జూమ్ అయ్యే లెన్స్. 2.8, ఫోర్ అనేవి దాని ద్వారం (అపర్చర్) ఎంత తెరుచుకుంటుందో చెప్పే ఎఫ్ అంకెలు, అంకె చిన్నదైతే ద్వారం పెద్దది. అడిగే ముందే చాలామంది మనసులో ఒక జవాబు ఖాయమైపోయి ఉంటుంది: డబ్బులుంటే 2.8, లేకపోతే ఫోర్. ఆ లెక్కతో అప్పు చేసి మరీ పెద్ద లెన్స్ కొని, ఏడాది తిరిగేసరికి దాన్ని బీరువాలో పెట్టేసినవాళ్లు నాకు తెలుసు. వాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది.

రెండింటి మధ్య తేడా ఒక్క స్టాప్, అంటే వెలుతురు లెక్కలో ఒక మెట్టు. 200 మి.మీ. దగ్గర ఎఫ్/2.8 అంటే 200ని 2.8తో భాగించాలి, సుమారు 71 మి.మీ. వెడల్పున్న ద్వారం. ఎఫ్/4 అయితే 50 మి.మీ. వైశాల్యంలో చూస్తే మొదటిది రెండో దానికి రెట్టింపు, కాబట్టి వెలుతురూ రెట్టింపు. అంత పెద్ద ద్వారం కావాలంటే గాజు పెద్దదవ్వాలి. ధర, బరువు పెరిగేది అక్కడే. మిగతా కథంతా ఈ ఒక్క స్టాప్ మనకు ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ రాదు అన్నదే.

అపోహ: 2.8 కొంటే ఫొటోలు ఇంకా షార్ప్‌గా వస్తాయి

లెన్స్ మీద రాసిన అంకెకూ షార్ప్‌నెస్‌కూ నేరుగా సంబంధం లేదు. అది డిజైన్‌ని బట్టి ఉంటుంది. కేనన్‌లో దీనికి మంచి ఉదాహరణ ఉంది. 2006లో వచ్చిన ఈఎఫ్ 70-200 ఎఫ్/4 ఐఎస్ (ఐఎస్ అంటే చెయ్యి వణుకును సర్దే స్టెబిలైజేషన్) పూర్తిగా తెరిచి తీసినా చాలా స్ఫుటంగా ఉండేది. అప్పట్లో షాపుల్లో ఉన్న 2.8 ఐఎస్ 2001 నాటిది. దాన్ని పూర్తిగా తెరిస్తే ఆ ఫోర్ అంత స్ఫుటంగా ఉండేది కాదు. 2010లో రెండో వెర్షన్ వచ్చాకే ఆ లోటు తీరింది. 2018లో మూడో వెర్షన్ వచ్చింది కానీ లోపలి గాజుల అమరిక రెండో వెర్షన్‌దే, ప్రధానంగా పూత మార్చారు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఇది గుర్తుపెట్టుకుంటే మూడో వెర్షన్ కోసం అదనంగా పెట్టాల్సిన పని ఉండదు.

ఇంకో మాట. ఫీల్డులో ఫొటో మెత్తగా రావడానికి ఎక్కువసార్లు కారణం లెన్స్ కాదు, ఫోకస్ తప్పడమో చెయ్యి కదలడమో. 2.8లో ఫోకస్ తప్పే అవకాశం ఇంకా ఎక్కువ. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరాలో 200 మి.మీ. దగ్గర, మూడు మీటర్ల దూరంలో, ఎఫ్/2.8 అయితే ఫోకస్‌లో ఉండే మందం సుమారు మూడున్నర సెంటీమీటర్లు. ఎఫ్/4 అయితే ఐదు. జీలకర్ర బెల్లం పెట్టే సమయంలో పెళ్లికూతురు ముఖం కాస్త పక్కకు తిరిగి, కిందికి వంగి ఉంటుంది. నుదుటి మీద బాసికం ముందుకు వచ్చి ఉంటుంది. కెమెరా ఆ బాసికం మెరుపును పట్టుకుందా, కన్ను మెత్తబడిపోతుంది. దగ్గరి కన్ను సరిగ్గా పట్టుకున్నా, అవతలి కన్ను, బుట్ట కమ్మ చెదిరిపోతాయి. స్క్రీన్ మీద చిన్నగా చూస్తే తెలియదు. ఆల్బమ్‌లో రెండు పేజీలకు పరిచి వేస్తే పెళ్లికూతురు అమ్మగారు మొదట గమనించేది అదే.

అపోహ: బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ కావాలంటే 2.8 తప్ప వేరే దారి లేదు

దీన్ని కాస్త లెక్కతో చూద్దాం, ఎందుకంటే 24-70 ఎఫ్/2.8కీ 24-105 ఎఫ్/4కీ మధ్య తేల్చుకోలేక ఊగేవాళ్లు చాలామంది ఉన్నారు. మనిషిని ఫ్రేములో ఒకే సైజులో ఉంచి తీస్తే, దూరంగా ఉన్న వెనకభాగం ఎంత చెదరాలో నిర్ణయించేది ఇందాక చెప్పుకున్న ద్వారం వెడల్పు. 70 మి.మీ. దగ్గర ఎఫ్/2.8 అంటే 25 మి.మీ. 105 దగ్గర ఎఫ్/4 అంటే 26 మి.మీ. అంటే 24-105 పట్టుకుని రెండడుగులు వెనక్కి జరిగి, పూర్తిగా జూమ్ చేసి తీస్తే వెనకున్న దీపాలు, చెట్లు అంతే చెదురుతాయి. పైగా దూరం నుంచి తీసినందువల్ల వెనకభాగం తక్కువే ఫ్రేములోకి వస్తుంది, ముఖం కూడా సహజంగా ఉంటుంది.

అలాగే 70-200 ఎఫ్/4ని 200లో పెడితే ద్వారం 50 మి.మీ. 85 ఎఫ్/1.8 ప్రైమ్‌కి (జూమ్ లేని లెన్స్‌కి) 47. అంటే ప్రీ-వెడ్డింగ్ షూట్‌లో జాగా ఉన్న చోట ఫోర్ లెన్స్ ఏమాత్రం తక్కువ కాదు.

వెనక్కి జరగడానికి చోటు లేనప్పుడు ఈ లెక్క పనిచేయదు. మండపం మీద ఒకపక్క పురోహితుడు, ఇంకోపక్క వీడియో వాళ్ల లైట్ స్టాండ్లు, వెనక మేనమామలు. అక్కడ 35, 50 మి.మీ. దగ్గరే తీయాలి. ఆ జాగాలో 24-70 ఎఫ్/2.8కి ఫోర్ సాటి రాదు, ఒప్పుకోవాల్సిందే.

అపోహ: లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఉంది కదా, చీకట్లో ఫోర్ చాలు

అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే, అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

స్టెబిలైజేషన్ ఆపేది మన చెయ్యి వణుకును. ఎదురుగా ఉన్న మనిషి కదలికను అది ఆపలేదు. లేపాక్షి వీరభద్రస్వామి గుడికి వెళ్లండి. రంగమంటపం పైకప్పు మీద విజయనగర కాలం నాటి చిత్రాలు ఉంటాయి, వెలుతురు తక్కువ. పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్ పెట్టాలంటే అనుమతి తీసుకోవాలి. కానీ ఆ బొమ్మలు కదలవు. స్టెబిలైజేషన్ ఉన్న ఫోర్ లెన్స్‌తో సెకనులో పదిహేనో వంతు దగ్గర ఊపిరి బిగబట్టి తీస్తే చక్కగా వస్తుంది. పైకప్పు మీద బొమ్మ మొత్తం ఫోకస్‌లో ఉండాలంటే 5.6కో 8కో మూయాలి కూడా. అక్కడ 2.8 మోసుకెళ్లి లాభం లేదు.

ఇప్పుడు రవీంద్రభారతిలో కూచిపూడి ప్రదర్శన అనుకోండి. నర్తకి ఇత్తడి పళ్లెం అంచు మీద పాదాలు పెట్టి తరంగం చేస్తోంది. అభినయంలో ఒక భంగిమ దగ్గర ఆగినప్పుడు సెకనులో 250వ వంతు సరిపోతుంది. జతులు వేగం అందుకున్నాక చేతివేళ్లు, గజ్జెలు, జడ కుప్పెలు ఆగాలంటే కనీసం 500వ వంతు కావాలి. స్టేజీ లైటింగ్‌కు ఎఫ్/2.8, షట్టర్ 1/500, ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 3200 సరిపోయిందనుకుందాం. అదే వెలుతురులో ఫోర్ లెన్స్‌కు రెండే దారులు. షట్టర్‌ను 1/250కి దించాలి, లేదా ఐఎస్ఓ 6400కి పెంచాలి. షట్టర్ దించితే వచ్చే ఫొటో ఎలా ఉంటుందంటే, ముఖం, కళ్లు స్పష్టంగా ఉంటాయి, ముద్ర పట్టిన చెయ్యి మాత్రం పొగలా సాగిపోతుంది. నాట్యం తెలిసినవాళ్లకు ఆ ముద్ర ఏమిటో కనపడకపోతే ఆ ఫొటోకు విలువ లేదు. స్టెబిలైజేషన్ ఎన్ని స్టాపులున్నా ఆ చేతిని వెనక్కి తేలేదు.

తలంబ్రాలకూ ఇంతే. గాల్లో ఉన్న బియ్యపు గింజలు గింజల్లా కనపడాలా, తెల్లటి గీతల్లా కనపడాలా అన్నది షట్టర్ చెబుతుంది.

దీనికి అనుబంధంగా ఒక హెచ్చరిక. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా ఫంక్షన్ హాళ్ల లైట్లు సెకనుకు వందసార్లు మిణుకుమంటాయి. 2.8 ఉంది కదా అని షట్టర్‌ను ఇష్టమొచ్చినట్టు పెంచితే ఫొటోలో అడ్డంగా చారలు పడొచ్చు, ముఖ్యంగా సైలెంట్ షట్టర్‌లో. కదలిక లేని ఘట్టాల్లో 1/100 దగ్గర తీయడం, కెమెరాలో యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చేయడం మంచిది.

అపోహ: ఇప్పటి కెమెరాల్లో ఐఎస్ఓ ఎంతైనా పెంచొచ్చు, నాయిస్ (ఫొటోలో పడే గరుకు చుక్కలు) సాఫ్ట్‌వేర్ తీసేస్తుంది, ఇక 2.8 దండగ

ఇందులో సగం నిజం ఉంది. అడోబ్ 2023 ఏప్రిల్‌లో లైట్‌రూమ్‌లోకి ఏఐ డీనాయిస్ తెచ్చాక 6400కీ 12800కీ తేడా ఆల్బమ్ సైజులో పెద్దగా కనపడట్లేదు. ఫోర్ లెన్స్‌కు ఇది నిజంగా పెద్ద అండ. అయితే దానికి రా ఫైలు (కెమెరా మార్పులు చేయని అసలు డేటా) కావాలి, ఒక్కో ఫొటోకూ సమయం పడుతుంది. వేలల్లో ఫొటోలుండే పెళ్లికి అన్నింటికీ నడపాలంటే కంప్యూటర్ గట్టిదై ఉండాలి.

చాలామంది మర్చిపోయేది ఫోకస్ సంగతి. చీకట్లో ఆటోఫోకస్ ఎంత దాకా పనిచేస్తుందో కంపెనీలు గొప్పగా చెప్పుకుంటాయి. కేనన్ ఈఓఎస్ ఆర్6కి మైనస్ 6.5 ఈవీ (వెలుతురు కొలత) దాకా అని ఉంటుంది. ఆ అంకె ఎఫ్/1.2 లెన్స్ పెట్టి చెప్పినది. 2.8 పెడితే సుమారు రెండున్నర స్టాపుల వెలుతురు తగ్గుతుంది, ఫోర్ పెడితే మూడున్నర. సంగీత్‌లో లైట్లు ఒక్కసారిగా ఆపి స్పాట్ వేసినప్పుడు ఫోర్ లెన్స్ ముందుకూ వెనక్కూ వెతుక్కుంటూ ఉండిపోవడం ఇందువల్లే. ఏ సాఫ్ట్‌వేరూ దీన్ని తర్వాత సరిచేయలేదు.

అపోహ: 2.8 కొన్నాక 2.8లోనే తీయాలి

వద్దు. ఆశీర్వాదాల సమయంలో రెండు వరుసల్లో నిలబడ్డ బంధువుల్ని 2.8లో తీస్తే వెనక వరుసలో ఉన్న తాతగారి ముఖం మెత్తబడుతుంది. 5.6 పెట్టండి, ఫ్లాష్ వేయండి. ఈ ఫొటోలు రెండు లెన్సుల్లోనూ ఒకేలా వస్తాయి.

అపోహ: ఎఫ్/2.8 అంటే ఏ కెమెరాలోనైనా ఒకటే

ఎక్స్‌పోజర్‌కు ఒకటే. బ్లర్‌కు కాదు. 1.5 క్రాప్ ఉన్న (సెన్సర్ చిన్నదైన) కెమెరాలో ఎఫ్/2.8 ఇచ్చే బ్లర్, ఫుల్‌ఫ్రేమ్‌లో సుమారు ఎఫ్/4.2కి సమానం. ఒకే షట్టర్ దగ్గర నాయిస్ కూడా దాదాపు ఆ లెక్కనే ఉంటుంది. అంటే క్రాప్ బాడీ మీద 2.8, ఫుల్‌ఫ్రేమ్ మీద ఫోర్ రెండూ దగ్గర దగ్గర. ఇది క్రాప్ వాళ్లకు మంచి వార్తే. సిగ్మా 18-50 ఎఫ్/2.8 మూడు వందల గ్రాములకు మించదు. ఫుల్‌ఫ్రేమ్‌లో 24-70 ఫోర్ చేసే పని దాదాపు అదీ చేస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు బాడీ మార్చేముందు ఇది ఆలోచించాలి.

అపోహ: బరువు పెద్ద విషయం కాదు, అలవాటైపోతుంది

పాత కేనన్ ఈఎఫ్ 70-200 ఎఫ్/2.8 ఐఎస్ దాదాపు కిలోన్నర. అదే ఐఎస్ ఉన్న ఫోర్ 760 గ్రాములు. అర్ధరాత్రి ముహూర్తానికి సాయంత్రం ఎదురుకోలు దగ్గర మొదలుపెడితే అప్పగింతల దాకా అది మెడలోనో చేతిలోనో ఉండాలి. అలసిన చెయ్యి తెల్లవారుజామున కిందికి దిగుతుంది. సరిగ్గా అప్పుడే అరుంధతీ దర్శనం. ఈ పనిలో భుజం, మణికట్టు నొప్పులు మామూలే, వాటిని చిన్నచూపు చూడకండి.

మిర్రర్‌లెస్ వచ్చాక మాత్రం ఈ తేడా బాగా తగ్గింది. సోనీ రెండో తరం 70-200 ఎఫ్/2.8 జీఎం 1045 గ్రాములు, మొదటిది 1480. కేనన్ ఆర్ఎఫ్ 2.8 కూడా 1070 దగ్గరే ఉంది, దాని ఫోర్ 695. బరువు ఒక్కటే అడ్డమై 2.8 వద్దనుకున్నవాళ్లు ఇప్పుడు మళ్లీ చూడొచ్చు.

అపోహ: ఫోర్ లెన్సులు ప్రొఫెషనల్ లెన్సులు కావు

కేనన్ ఎల్, నికాన్ ఎస్, సోనీ జి పేర్లతో వచ్చే ఫోర్ జూములు గట్టివే. ఇప్పటి మోడళ్లలో దుమ్ము, తేమ నుంచి రక్షణ కూడా ఉంటుంది. 1999 నాటి ఐఎస్ లేని కేనన్ 70-200 ఎఫ్/4 లాంటి పాతవాటిలో ఆ రక్షణ లేదు, సెకండ్ హ్యాండ్‌లో చూసుకోవాలి.

పక్షుల ఫొటోలు కూడా తీసేవాళ్లకు ఎక్స్‌టెండర్ (లెన్స్ వెనక తగిలించి ఫోకల్ లెంగ్త్ పెంచేది) లెక్క ఒకటుంది. 2.8కి 2ఎక్స్ తగిలిస్తే 400 మి.మీ. ఎఫ్/5.6 అవుతుంది. ఉప్పలపాడు చెరువు గట్టు మీద నుంచి పెలికాన్లను తీయడానికి ఉదయం వెలుతురులో అది నడుస్తుంది. ఫోర్‌కు తగిలిస్తే ఎఫ్/8, పాత డీఎస్ఎల్‌ఆర్‌లలో చాలావాటికి అక్కడ ఆటోఫోకసే ఉండదు. కానీ కేనన్ ఆర్ఎఫ్‌లో మొదట వచ్చిన 70-200 ఎఫ్/2.8కి ఎక్స్‌టెండర్ అసలు పట్టదు, ఫోర్‌కూ అంతే. ఎక్స్‌టెండర్ మీద ఆశతో 2.8 కొనేవాళ్లు ఇది ముందే చూసుకోండి.

ఇక కొనేముందు ఒక పని చేయండి. లైట్‌రూమ్‌లో మెటాడేటా ఫిల్టర్ తెరిచి, ఇప్పటిదాకా క్లయింట్‌కు ఇచ్చిన ఫొటోలను మాత్రమే ఎంచుకుని, అపర్చర్, ఐఎస్ఓ, ఫోకల్ లెంగ్త్ వారీగా చూడండి. ఎక్కువ ఫొటోలు 5.6 చుట్టూ ఫ్లాష్‌తో తీసినవైతే ఫోర్ తీసుకుని, మిగిలిన డబ్బుతో ఒక 85 ఎఫ్/1.8, ఇంకో మంచి ఫ్లాష్ కొనండి. లెన్స్ ఎంత తెరుచుకుంటే అంత తెరిచి, ఐఎస్ఓ 6400 దాటించి, అయినా చేతులు చెదిరిన ఫొటోలు పక్కన పెట్టాల్సి వస్తుంటే మీకు 2.8 కావాలి, ఆలోచించకుండా తీసుకోండి. అప్పటికీ తేలకపోతే ఒక పెళ్లికి అద్దెకు తీసుకుని పగలు హల్దీ దగ్గర, రాత్రి ముహూర్తం దగ్గర వాడి చూడండి. అద్దెకు తెచ్చేటప్పుడు ఫ్రేము అంచుల దాకా ఫోకస్ సరిగ్గా ఉందో లేదో షాపులోనే రెండు ఫొటోలు తీసి చూసుకోవడం మర్చిపోకండి.