లీటరు నీటిలో మైక్రోగ్రాము మందును పట్టేదెలా?

మొక్కజొన్న చేలలో కలుపు నివారణకు చల్లే అట్రజిన్ వాననీటితో కాలువల్లోకి, నేలలోకి ఇంకి బోరుబావుల్లోకి చేరగలదు. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరు నీటిలో అది 2 మైక్రోగ్రాములకు మించకూడదు. ఐరోపా సమాఖ్య ఏ ఒక్క పురుగుమందుకైనా, కలుపుమందుకైనా విధించిన హద్దు 0.1 మైక్రోగ్రాము, అంటే పదివేల లీటర్ల ట్యాంకర్లు వెయ్యింటిలో కలిపి ఒక్క గ్రాము! ఇంత తక్కువ మోతాదును గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌తో (మిశ్రమాన్ని ఆవిరిగా మార్చి, అందులోని రసాయనాలను విడదీసి కొలిచే పరికరంతో) కొలవాలంటే, ముందుగా మందును నీటి నుంచి విడదీసి చిక్కబరచాలి. ఫలితం నిజానిజాలు చాలావరకు ఈ పని దగ్గరే తేలిపోతాయని నా నమ్మకం.

పాత పద్ధతిలో లీటరు నీటిని మూత, కింద కుళాయి ఉన్న గాజు గరాటులో పోసి, మందును తనలోకి లాక్కునే డైక్లోరోమీథేన్ అనే ద్రావణిని సుమారు 60 మిల్లీలీటర్ల చొప్పున మూడుసార్లు కలిపి కుదిపేవారు. ఇప్పటికీ కొన్నిచోట్ల అలాగే చేస్తారు గానీ, ఆ ద్రావణి ఆవిరి పీల్చేవారికి హానికరం.

ఇప్పుడు ఎక్కువగా వాడేది ఘనస్థితి నిష్కర్షణ. సిరంజి ఆకారంలో ఉండే చిన్న కార్ట్రిడ్జ్‌లో సిలికా రేణువులుంటాయి. వాటి ఉపరితలానికి 18 కార్బన్ల గొలుసులు అతికి ఉంటాయి. మొదట మెథనాల్ పోస్తే ఆ గొలుసులు తడిసి విచ్చుకుంటాయి. తర్వాత శుద్ధజలం, ఆపై నమూనా. ఈ మధ్యలో రేణువులు ఆరిపోతే గొలుసులు ముడుచుకుపోయి మందు పట్టుబడకుండా జారిపోతుంది కనుక, ద్రవమట్టం రేణువుల కిందికి దిగకుండా ఒకరు కనిపెట్టుకునే ఉండాలి. నిమిషానికి 10 మిల్లీలీటర్ల వేగంతో లీటరు దిగడానికి గంటన్నరకు పైనే పడుతుంది. నీటిలో ఇమడడానికి అంతగా ఇష్టపడని అట్రజిన్ గొలుసులను అంటిపెట్టుకుని నిలిచిపోతుంది. ఆ తర్వాతే కార్ట్రిడ్జ్‌ను పూర్తిగా ఆరబెట్టి, కొద్ది మిల్లీలీటర్ల ఇథైల్ ఎసిటేట్‌తో మందును కిందికి దించి, నైట్రోజన్ వాయువును మెల్లగా ఊదుతూ ఒక మిల్లీలీటరుకు తగ్గిస్తారు. దాంతో మందు వెయ్యి రెట్లు చిక్కబడుతుంది.

నీరు బురదగా ఉంటే ముందు వడకట్టక తప్పదు. అయితే డీడీటీ వంటివి బురద రేణువులకే అంటుకుంటాయి కాబట్టి, ఆ మడ్డిని పారేయకుండా సాక్స్‌లెట్ పరికరంలో గంటల తరబడి ద్రావణితో విడిగా కడగాలి.

ఇన్ని అంచెల్లో కొంత మందు పోవచ్చు, బయటి నుంచి కొంత మలినం చేరనూవచ్చు. ప్లాస్టిక్ గొట్టాల నుంచి వచ్చే థాలేట్లు (ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి కలిపే రసాయనాలు) ఇందుకు తరచూ ఎదురయ్యే ఉదాహరణ. అందుకే శుద్ధజలాన్ని కూడా నమూనాలాగే అన్ని దశల్లోనూ నడిపి చూస్తారు. అసలు నమూనాలో, నీటిలో సహజంగా ఉండని మరో రసాయనాన్ని తెలిసిన మోతాదులో ముందే కలిపి, చివరికి ఎంత దక్కిందో లెక్కగడతారు. 70 నుంచి 120 శాతం మధ్య వస్తే సాధారణంగా అంగీకరిస్తారు. 40 శాతమే దక్కిన నమూనాలో అట్రజిన్ కనబడలేదని నివేదిక ఇవ్వడం నా దృష్టిలో తప్పు. పని మొదటి నుంచి మళ్లీ చేయాలి. అందుకే బోరు దగ్గర ముదురు గోధుమరంగు గాజు సీసాలు రెండు నింపుకుని, రెండోదాన్ని 4 డిగ్రీల చలిలో, వెలుతురు సోకకుండా ఉంచుతారు.