వాటర్ బిల్లు పెరిగిందా? ఓనర్‌తో గొడవకి దిగేముందు ఇది చదవండి (అపోహలు - వాస్తవాలు)

నేను ప్లంబింగ్ పని చేస్తా, నన్ను పిలిచేవాళ్ళలో ఎక్కువమంది అద్దెకుండేవాళ్ళే. "బిల్లు డబుల్ వచ్చిందన్నా, మీటర్ పాడైనట్టుంది చూడు" అనే మొదలుపెడతారు. వెళ్ళి చూస్తే చాలాసార్లు మీటర్‌కి ఏ రోగమూ ఉండదు.

అపోహ: మా వాడకం మారలేదు, కాబట్టి మీటరే తప్పు.

మామూలు మెకానికల్ మీటర్ పాతబడేకొద్దీ లోపల అరిగిపోయి తక్కువ చూపిస్తది గానీ ఎక్కువ చూపించడం అరుదు, అంటే పాత మీటర్ వల్ల మీకు లాభమే. ఒక్క తిరకాసు మాత్రం ఉంది, నీళ్ళు రోజుకి కాసేపే వదిలే చోట ఖాళీ పైపులో గాలి నిండిపోయి, నీళ్ళు రాగానే ఆ గాలి మీటర్‌ని గిర్రున తిప్పేస్తది, అదీ రీడింగులో పడుద్ది. అనుమానముంటే నీళ్ళొచ్చే టైముకి మీటర్ దగ్గరే నిలబడి చూడండి.

మిగతా అందరూ చేయాల్సింది ఒకటే. రాత్రి అన్ని ట్యాపులు కట్టేసి రీడింగ్ ఫోటో తీయండి, పొద్దున ఎవరూ నీళ్ళు ముట్టకముందే ఇంకోటి తీయండి. పైన ట్యాంక్ ఉంటే అది పూర్తిగా నిండాకే ఈ పని మొదలెట్టండి, లేకపోతే ట్యాంకులోకి ఎక్కే నీళ్ళు చూసి లీకనుకుని నాకు ఫోన్ చేస్తారు (చేశారు కూడా). చాలా మీటర్లలో నల్ల అంకెలు కిలోలీటర్లు, అంటే ఒక్కోటి 1000 లీటర్లు, ఎర్రవి అంతకన్నా చిన్న లెక్క. ఎర్రది కదిలిందంటే ఎక్కడో పోతున్నట్టే. ఇప్పుడు ఇంట్లోకొచ్చే మెయిన్ వాల్వ్ కట్టేసి మళ్ళీ చూడండి. మీటర్ ఆగిపోతే లీకు వాల్వ్ తర్వాతే ఎక్కడో ఉంది. వాల్వ్ సరిగ్గా పడ్డాక కూడా తిరుగుతూనే ఉంటే మీటర్‌కీ వాల్వ్‌కీ మధ్య, బహుశా నేలలో పైపు పోయింది. అది మీరు వాడిన నీళ్ళు కాదు, ఆ రోజే ఓనర్‌కి ఫోటోలతో సహా మెసేజ్ పెట్టండి, నోటిమాటగా చెబితే రేపు గుర్తుండదు.

అపోహ: లీకుంటే కనపడదా ఏంటి?

కనపడదు. అసలు దొంగ కమోడ్. ఫ్లష్ ట్యాంక్ అడుగున రబ్బర్ వాషర్ గట్టిపడితే నీళ్ళు సన్నగా కమోడ్ లోపలి గోడవెంట జారిపోతుంటాయి, చప్పుడుండదు, తడి ఉండదు, రోజుకి వందల లీటర్లు పోయినా మనకి తెలీదు. ట్యాంకులో కొంచెం ఫుడ్ కలర్ వేసి అరగంట ఫ్లష్ చేయకుండా ఉండండి, కమోడ్‌లోకి రంగు దిగితే చాలావరకు వాషర్ పోయినట్టే. రంగు దిగినా దిగకపోయినా మూత తీసి చూడండి, లోపలున్న ఓవర్‌ఫ్లో పైపు అంచుదాకా నీళ్ళొచ్చి అందులోకి పడుతుంటే ఫ్లోట్ (నీళ్ళ మీద తేలే బుడగ) కిందకి దించాలి. తమాషా ఏంటంటే జనం నన్ను పిలిచేది కారే ట్యాప్ కోసం, రాత్రిళ్ళు టప్ టప్ మంటే నిద్ర పట్టదు కాబట్టి. సెకనుకో చుక్క అంటే రోజుకి సుమారు 20 లీటర్లు, నెలకి 600. తక్కువేం కాదు, కానీ కారే కమోడ్ ముందు అదెంత.

అపోహ: బిల్లు పెరిగిందంటే నీళ్ళు ఎక్కువ వాడినట్టే.

ముందు డబ్బులు కాదు, యూనిట్లు (ఎన్ని నీళ్ళు వాడామన్న లెక్క) చూడండి. యూనిట్లు అవే ఉండి డబ్బులు పెరిగితే రేటు మారిందన్నమాట, ప్లంబర్ ఏం చేయలేడు. రీడింగ్ తీసేవాళ్ళకి గేటు తాళం ఉంటే అంచనా బిల్లు వేస్తారు, తక్కువ అంచనా వేసిన నెలలన్నిటికీ కలిపి తర్వాత ఒకేసారి మోత మోగుద్ది. బిల్లు మీద ఉన్న రీడింగ్‌నీ మీటర్ మీదున్న అంకెనీ పక్కపక్కన పెట్టుకుంటే రెండు నిమిషాల్లో తేలిపోయే విషయం ఇది.

అపోహ: ఒకే మీటర్ ఉంటే ఇళ్ళ లెక్కన సమానంగా పంచుకోవడమే న్యాయం.

ఇద్దరున్న ఇల్లూ ఆరుగురున్న ఇల్లూ ఒకటేనా? పైగా స్లాబుల రేట్లున్న చోట వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటూ పెరుగుద్ది, నాలుగు కుటుంబాలు ఒకే కనెక్షన్ మీద ఉంటే అందరూ కలిసి పై స్లాబులోకి ఎక్కుతారు, తక్కువ వాడినోళ్ళకి కూడా ఆ రేటే పడుద్ది. ఇంటింటికీ సబ్‌మీటర్ (మెయిన్ మీటర్ తర్వాత విడిగా పెట్టే చిన్న మీటర్) అడగండి, లేదంటే కనీసం మనుషుల లెక్కన పంచమనండి. సబ్‌మీటర్లు పెట్టించాక వాటి మొత్తానికీ మెయిన్ మీటర్‌కీ పెద్ద తేడా వస్తుంటే మాత్రం ఆ నీళ్ళు మెట్లు కడగడానికో మొక్కలకో పోతున్నాయా, పైపే పోయిందా అని ఓనర్‌ని అడగాల్సిందే.

అపోహ: అద్దిల్లు కదా, మనం ఏమీ మార్చకూడదు.

గోడ పగలగొట్టొద్దు, అంతే. ట్యాప్ మూతికి ఏరేటర్ (నీళ్ళలో గాలి కలిపే చిన్న జాలీ) బిగిస్తే ధార తగ్గినా చేతికి తగ్గినట్టనిపించదు, విప్పడం కూడా తేలికే. ట్యాప్‌కి ముందున్న పాత ముక్క ఉంటే కవర్లో వేసి దాచుకోండి, ఖాళీ చేసే రోజు మళ్ళీ అదే బిగించి మీది మీరు పట్టుకుపోవచ్చు, వెళ్తూ వెళ్తూ మీటర్ ఫోటో కూడా ఒకటి తీసుకోండి.