సంతకాల గవర్నర్: ‘జెర్రీమాండర్’ మాట వెనుక మనిషి

2025లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం తన కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) నియోజకవర్గాల హద్దులు మార్చుకుంది. రిపబ్లికన్లకు ఇంకో ఐదు సీట్లు రావాలన్నది లెక్క. దానికి పోటీగా కాలిఫోర్నియా కూడా మ్యాపు మార్చింది. ఈ గొడవంతటిలో పదేపదే వినిపించిన మాట ‘జెర్రీమాండరింగ్’, అంటే తమ పార్టీకి లాభం వచ్చేలా హద్దులు గీయడం. అందులో ఉన్న జెర్రీ ఒక మనిషి.

ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ 1744లో మసాచుసెట్స్‌లోని మార్బుల్‌హెడ్‌లో పుట్టాడు. ఎండుచేపలు ఎగుమతి చేసే వ్యాపార కుటుంబం. 1776 స్వాతంత్ర్య ప్రకటన మీద ఆయన సంతకం ఉంది. 1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రాసినప్పుడు మాత్రం, పౌరహక్కుల పట్టిక లేదని సంతకం పెట్టనన్నాడు. చివరిదాకా అక్కడే ఉండి కాదన్నది ముగ్గురే, వారిలో ఆయనొకడు. అంత పట్టుదల మనిషి.

గవర్నర్ పదవికి పోటీచేసి చాలాసార్లు ఓడి, 1810లో గెలిచాడు. (అక్కడ గవర్నరంటే మన ముఖ్యమంత్రి లాంటివాడు. అప్పట్లో ఏటా ఎన్నికే.) 1812 ఫిబ్రవరిలో ఆయన పార్టీ వాళ్లు రాష్ట్ర సెనేట్ (చట్టసభలో ఎగువ సభ) నియోజకవర్గాల హద్దులు మార్చే బిల్లు తెచ్చారు. ప్రత్యర్థి పార్టీ అయిన ఫెడరలిస్టుల ఓట్లన్నీ కొన్ని చోట్లే కుక్కేసి, మిగతాచోట్ల తాము గెలవాలన్నది ఎత్తు. గెర్రీకి అది నచ్చలేదని ఆయన అల్లుడు తర్వాత రాశాడు. నచ్చకపోతేనేం, సంతకం పెట్టాడు కదా!

ఎసెక్స్ కౌంటీలోని ఒక నియోజకవర్గం మెలికలు తిరిగిపోయింది. మార్చిలో ఒక బోస్టన్ పత్రిక ఆ మ్యాపుకే గోళ్లు, రెక్కలు తగిలించి కార్టూన్ వేసింది. బల్లిలా ఉండే సాలమాండర్‌కు గవర్నర్ పేరు కలిపి ‘గెర్రీమాండర్’ అంది.

ఆ ఏడాది సెనేట్ ఎన్నికల్లో ఫెడరలిస్టులకు 51,766 ఓట్లు, 11 సీట్లు. గెర్రీ పార్టీకి 50,164 ఓట్లు, 29 సీట్లు. తమాషా ఏమిటంటే, గవర్నర్ ఎన్నికకు రాష్ట్రమంతా ఒకటే నియోజకవర్గం, గీతలు గీయడానికి వీల్లేదు. అందులో గెర్రీ ఓడిపోయాడు.

మరుసటి ఏడాది అమెరికా అధ్యక్షుడు మాడిసన్ దగ్గర ఉపాధ్యక్షుడయ్యాడు. 1814 నవంబరులో, పదవిలో ఉండగానే వాషింగ్టన్‌లో చనిపోయాడు. ఆయన మీద పుట్టిన మాట మాత్రం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పార్టీ లాభం కోసం గీసిన మ్యాపుల సంగతి ఫెడరల్ (కేంద్ర) కోర్టులు తేల్చే విషయం కాదని 2019లో 5-4 తేడాతో తీర్పు వచ్చింది. టెక్సాస్‌కు ధైర్యం అక్కడిదే.

ఇంతకీ ఆయన ఇంటిపేరు పలికే తీరు ‘గెర్రీ’. జనం నోళ్లలో పడి ‘జెర్రీ’ అయింది.