స్కాన్‌లో ఏమీ లేదన్నారు, మళ్లీ ఎండోస్కోపీ ఎందుకు?

జీర్ణాశయ క్యాన్సర్‌ని తొలిదశలోనే పట్టుకుని తీసేశారు. ఏడాది తర్వాత సీటీ స్కాన్ తీస్తే ఎక్కడా ఏమీ లేదన్నారు. అయినా డాక్టరు ఎండోస్కోపీకి రమ్మంటే చాలామందికి చిరాకే. గొంతులోంచి గొట్టం దింపించుకోవడం ఎవరికి సరదా? స్కాన్‌లో పొట్టంతా కనిపించింది కదా, మళ్లీ ఇదెందుకు అనిపిస్తుంది. చిక్కేమిటంటే, ఎక్కువ అనుమానంగా చూడాల్సిన చోటే ఆ స్కాన్‌కి సరిగ్గా ఆనదు.

తొలిదశ అంటే గడ్డ చిన్నదని కాదు, లోతుకు దిగలేదని. జీర్ణాశయం గోడలో లోపలి పొరనీ, దాని కింది మెత్తటి పొరనీ దాటి కండరం దాకా వెళ్లకపోతే అది తొలిదశే. 1962లో జపాన్ నిపుణులు పెట్టుకున్న ఈ నిర్వచనంలో ఒక మెలిక ఉంది: లింఫు గ్రంథులకు పాకినా సరే, గోడలో లోతు తక్కువైతే తొలిదశ కిందే లెక్క. లోపలి పొరకే పరిమితమైతే అలా పాకడం అరుదు. కింది పొరలోకి దిగితే మాత్రం దాదాపు అయిదుగురిలో ఒకరికి పాకి ఉంటుంది.

పాకే అవకాశం బాగా తక్కువని తేలితే పొట్ట కోయక్కర్లేదు. ఎండోస్కోపీతోనే గడ్డ కిందికి ద్రవం ఎక్కించి, ఉబ్బిన పొరను విద్యుత్ కత్తితో ఒలిచేస్తారు. ఆ పుండు సుమారు రెండు నెలల్లో మానిపోతుంది. జీర్ణాశయం మొత్తం మిగులుతుంది. హాయే, కానీ అసలు తంటా అక్కడే. మిగిలిన పొర కూడా ఏళ్ల తరబడి హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా వాపుకు గురైనదే. ఒకచోట మొలిచింది మరోచోటా మొలవచ్చు. జపాన్ పరిశీలనల్లో ఏటా నూటికి ఇద్దరు ముగ్గురిలో ఇలా కొత్త క్యాన్సర్ కనిపించింది. ఆ బాక్టీరియాను మందులతో చంపితే ఈ ముప్పు సగానికి తగ్గిందని 2018లో వచ్చిన కొరియా పరిశోధన చూపింది. తగ్గింది, పోలేదు.

ఆ కొత్తది మొదట్లో ఎలా ఉంటుంది? కొన్ని మిల్లీమీటర్ల ఎర్రటి మరక, లేదా కాస్త పాలిపోయి గుంటపడిన చోటు. జీర్ణాశయం ముడతలు పడి, ముడుచుకుని, కదులుతూ ఉండే సంచి. అందులో అంత పలచటి మార్పు సీటీకి అందదు. ఎండోస్కోపీలో నీలం, ఆకుపచ్చ కాంతి మాత్రమే వేసి చూసే పద్ధతి ఉంది. రక్తం ఆ రంగుల్ని పీల్చుకుంటుంది కాబట్టి సన్నటి రక్తనాళాల అల్లిక ముదురుగా తేలుతుంది. అల్లిక చెదిరిన చోట చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. అందుకే ఆరు నెలలకో ఏడాదికో ఎండోస్కోపీ.

ఖరీదైన పెట్ స్కాన్ చేయిస్తే టెన్షన్ తీరుతుందనుకునేవాళ్లూ ఉంటారు. అది గ్లూకోజును ఎక్కువగా లాక్కునే కణాలను పట్టి చూపుతుంది. చిన్న గడ్డలు దానికి దొరక్కపోవచ్చు. జీర్ణాశయ క్యాన్సర్లలో కొన్ని రకాలు గ్లూకోజును పెద్దగా లాక్కోవు, పైగా ఆరోగ్యంగా ఉన్న జీర్ణాశయమే కొంత లాక్కుంటుంది. ఈ పనికి నా ఓటు దానికి కాదు.

మరి సీటీ దండగా? కాదు. గోడ బయట లింఫు గ్రంథుల్నీ, కాలేయాన్నీ చూడాలంటే అదే కావాలి. తీసిన ముక్కను మైక్రోస్కోపు కింద చూసినప్పుడు లోతు కాస్త ఎక్కువున్నా, ఆపరేషన్‌తో జీర్ణాశయం కొంత తీసేసినా సీటీ కూడా తోడవుతుంది. లోపలి పొరకే పరిమితమై శుభ్రంగా వచ్చేసినవారికి దానితో పని తక్కువ. పొట్ట సీటీ ఒక్కసారి తీస్తే, ప్రకృతి నుంచి మూడు నాలుగేళ్లలో సహజంగా అందేంత రేడియేషన్ పడుతుంది. కాలేయంలో ఏ హానీ లేని నీటిబుడగ కనిపించినా మరో నెల నిద్ర ఉండదు.

అయిదేళ్లు దాటితే గండం గడిచినట్టే అంటారు. తీసేసిన గడ్డ విషయంలో ఆ మాట చాలావరకు నిజమే. మిగిలిన పొరకు మాత్రం ఆ గడువు తెలియదు. పదేళ్ల తర్వాత కొత్తది బయటపడినవారూ ఉన్నారు.