ఎయిర్ రైఫిల్: గాలి ఎక్కువ నింపితే వేగం పెరుగుతుందా? అపోహలు - వాస్తవాలు

పోటీలు దగ్గరపడితే చాలు, మ్యాచ్ రైఫిళ్లు సర్వీసు చేసే నా బల్ల దగ్గర ఒకటే మాట: "సిలిండర్‌లో గాలి ఒత్తిడి చూపే గేజ్ 120కి దిగిపోయిందండీ, పెల్లెట్ (చిన్న గుండు) మెల్లగా వెళ్తోంది, అందుకే మా అమ్మాయికి పాయింట్లు పోతున్నాయి."

అపోహ: సిలిండర్‌లో గాలి ఎంత ఉంటే పెల్లెట్‌కు అంత వేగం.

వాస్తవం: కానే కాదు. పది మీటర్ల మ్యాచ్ రైఫిల్‌లో సిలిండర్‌కూ, షాట్‌కు గాలి వదిలే వాల్వ్‌కూ మధ్య రెగ్యులేటర్ ఉంటుంది. సిలిండర్‌లో 200 బార్ (ఒత్తిడి కొలమానం) ఉన్నా, 120 ఉన్నా వాల్వ్‌కు అందేది రెగ్యులేటర్‌లో సెట్ చేసిన ఒత్తిడే. అంతకంటే కిందికి దిగినప్పుడే వేగం పడిపోతుంది. కంగారుపడుతున్న ఒక తల్లి ఎదుటే పెల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ పెట్టి కాల్చి చూపించాను. నిండు సిలిండర్‌తో సెకనుకు 172 మీటర్లు, 120 బార్ దగ్గర 173. అసలు లోపం, గురి చూసే వెనుక సైట్ స్క్రూ వదులు కావడం. పాపం, ఆవిడ అప్పటికే కొత్త సిలిండర్ కోసం డబ్బు సర్దుకుంటున్నారు.

రెగ్యులేటర్ లేని గన్‌లో అతిగా నింపితే వేగం తగ్గుతుంది కూడా. అక్కడ వాల్వ్‌ను ప్రధానంగా మూసి ఉంచేది సిలిండర్‌లోని గాలే. వాల్వ్ సీటు వ్యాసం 6 మిల్లీమీటర్లనుకుంటే, 100 బార్ దగ్గర దాని మీద సుమారు 29 కిలోల బరువు పడుతుంది, 200 దగ్గర 58. వాల్వ్‌ను కొట్టి తెరిచే హ్యామర్ దెబ్బ మాత్రం పెరగదు. వాల్వ్ కాస్త తెరుచుకుని టక్కున మూసుకుంటుంది, తొలి షాట్లు మందగిస్తాయి. ఒత్తిడి దిగేకొద్దీ వేగం పెరిగి, కొంతసేపు నిలకడగా ఉండి, ఆ తర్వాత పడిపోతుంది.

అపోహ: హ్యామర్ స్ప్రింగ్ బిగిస్తే చాలు.

కొంతవరకే. ఆపైన పెల్లెట్ బ్యారెల్ దాటాక కూడా వాల్వ్ తెరిచే ఉంటుంది. గాలి వృథా, చప్పుడు ఎక్కువ, షాట్లు తక్కువ. ఎవరో చెప్పారని అలెన్ కీ పట్టుకోకండి, దయచేసి.

వేగం ఎక్కువైతే గురి బాగుంటుందన్నదీ ఉత్త పుకారే. రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. దానికి కావలసింది ప్రతి షాట్‌కూ ఒకే వేగం.

ఆక్సిజన్ సిలిండర్‌తో నింపవచ్చని ఎవరైనా అంటే అసలు వినకండి. గ్రీజు తగిలితే పేలిపోతుంది. మ్యాచ్ సిలిండర్ మీద ముద్రించిన తయారీ తేదీ కూడా చూడండి: పదేళ్లు దాటితే వాడకూడదు, పైకి ఎంత కొత్తగా కనిపించినా సరే.