ఏసీ గదిలో కోనసీమ సాలీడు

గుండ్రంగా అల్లిన సాలెగూటిలో పురుగును వదలకుండా పట్టి ఉంచేవి చుట్టు దారాల మీద వరసగా ఉండే జిగురు చుక్కలు. వాటిలోని లవణాలు గాలిలో ఉన్న తేమను పీల్చుకుంటాయి. గాలి పొడిబారితే జిగురు గట్టిపడుతుంది, తేమ మరీ ఎక్కువైతే పలచబడి పట్టు తప్పుతుంది. వేర్వేరు చోట్ల బతికే సాలీళ్ల జిగురు వేర్వేరు తేమ దగ్గర బాగా అంటుకుంటుందని 2015లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. అంటే రాజోలు కాలవ గట్టున అల్లిన గూటికి అక్కడి గాలి కూడా ముడిసరుకే. ఆ సాలీడుని తెచ్చి ఏసీ గదిలో పెట్టి కొలిస్తే, ఆ అంకెలు ఏ గూటివి?

ఈ ప్రశ్న డెల్టాకి చాలా అవసరం. వరి రసం పీల్చే సుడిదోమ అనే పురుగును తట్టుకునే వరి రకాల కోసం మార్టేరు పరిశోధనా స్థానంలో ఏళ్లుగా పని జరుగుతోంది. అదే చేలో దోమను తినే సాలీళ్లూ ఉంటాయి. కొన్ని గూడు అల్లకుండా దుబ్బు మొదట్లో తిరుగుతూ వేటాడతాయి. పొడవు దవడల టెట్రాగ్నాతా జాతివి ఆకుల మధ్య, నీళ్ల మీదుగా గూడు కడతాయి. కొన్ని పురుగుమందులు సాలీళ్లను కూడా చంపేసి, దోమ మళ్లీ విజృంభించడానికి దారి ఇస్తాయి. అందుకే వీటి గూళ్ల మీద పని ఇక్కడి కాలేజీ ల్యాబుల్లోనే జరగాలని నా గట్టి అభిప్రాయం. అందుకు పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు.

సాలీడుకి కావలసింది ఒక చెక్క ఫ్రేమ్. లోపలి అంచులు గరుగ్గా ఉండాలి, లేకపోతే దారం అతకదు. ముందూ వెనకా పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్లు పెట్టి, వాటికి పలచగా వేజలిన్ రాయాలి. అప్పుడు సాలీడు దారాలను షీటుకి అంటించలేక ఫ్రేముకే కడుతుంది, గూడు చెదరకుండా షీటు తీయొచ్చు. తిండికి పండ్ల ఈగలు చాలు. రావులపాలెం అరటిపండు బాగా మగ్గితే అవే వస్తాయి. రోజూ కాస్త నీళ్లు చిలకరించాలి, సాలీడు తాగుతుంది.

ఆకలి సంగతి మరిచిపోతే ప్రయోగం అంతా పాడవుతుంది. కడుపు నిండిన సాలీడు చిన్న గూడు కడుతుంది, ఆకలిగా ఉన్నది పెద్దది కట్టొచ్చు. మేత సమానంగా లేకపోతే తేమ వల్ల వచ్చిన తేడా ఏదో, ఆకలి వల్ల వచ్చిన తేడా ఏదో విడదీయలేం. పైగా చాలా సాలీళ్లు పాత గూటిని తినేసి, ఆ ప్రోటీన్‌తోనే కొత్త దారం తీస్తాయి. మనం రోజూ గూడు తీసి పారేస్తే దానికి దారం కరువవుతుంది. తీసిన గూటిని ఉండలా చుట్టి తిరిగి దానికే ఇవ్వాలి. ఫొటోలో దారాలు కనపడటానికి కార్న్‌ఫ్లోర్ చల్లడం మామూలే కానీ, పిండి పడ్డాక జిగురు పరీక్షకి పనికిరాదు. కాబట్టి ముందు జిగురు పరీక్షకి దారం ముక్కలు తీసుకుని, తర్వాతే పిండి చల్లాలి.

మనం పట్టించుకోని విషయమే ఫలితాన్ని మార్చేయగలదని అంతరిక్షంలో తేలింది. 2011లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి రెండు సాలీళ్లను పంపి, మరో రెండింటిని భూమ్మీద అలాంటి పెట్టెల్లోనే ఉంచారు. గురుత్వం లేకపోతే గూడు ఎలా ఉంటుందన్నది ప్రశ్న. 2020లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, పెట్టెలో దీపం వెలుగుతుండగా కట్టిన గూళ్లు భూమ్మీది వాటిలాగే పైభాగం చిన్నగా, కిందిభాగం పెద్దగా ఉన్నాయి. చీకట్లో కట్టినవి దాదాపు సమంగా వచ్చాయి. బరువు తెలియని చోట సాలీడు వెలుగున్న వైపే పైవైపు అనుకుంది. దీపం ఎప్పుడు వెలిగిందో, ఎప్పుడు ఆరిందో లెక్కలోకి తీసుకోకపోతే ఈ ఫలితం దొరికేది కాదు. మన ల్యాబులో కూడా దీపం ఏ వైపు ఉందో, ఎన్ని గంటలు వెలిగిందో రాసుకోవాలి.

ఇక తేమ. దీనికి ఖరీదైన యంత్రం లేకపోయినా వంటింటి ఉప్పు ఉంది. ఇంక కరగనంత ఉప్పు వేసిన నీళ్లను గిన్నెలో పోసి మూతపెట్టిన డబ్బాలో ఉంచితే, లోపలి తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. మెగ్నీషియం క్లోరైడ్‌తో 33 శాతం, పొటాషియం నైట్రేట్‌తో 90 శాతం పైన వస్తుంది. ఒకే గూటి నుంచి మూడు దారం ముక్కలను నడుమ కిటికీలా కత్తిరించిన కార్డుల మీద తీసుకుని, ఒక్కో డబ్బాలో ఒకటి ఉంచాలి. గంట తర్వాత శుభ్రమైన గాజు కొసను దారానికి తాకించి మెల్లగా లాగాలి. విడిపోయేలోపు దారం ఎంత సాగిందో వెనకాల గ్రాఫ్ కాగితం చెబుతుంది. లాగేటప్పుడు కూడా కార్డు ఆ డబ్బాలోనే ఉండాలి, బయటికి తీస్తే గది గాలి జిగురులో చేరిపోతుంది.

లెక్కలో చాలామంది పొరపడే చోటు ఒకటుంది. ఒక సాలీడు కట్టిన పది గూళ్లు పది సాలీళ్లతో సమానం కాదు. పెద్ద గూడు కట్టడం ఆ ఒక్క జీవి అలవాటు కావచ్చు. మూడు తేమల్లోనూ ప్రతి సాలీడు దారాన్నీ పరీక్షించి, దాన్ని దానితోనే పోల్చాలి. ఏ తేమ ముందు, ఏది తర్వాత అన్నది చీటీలు తీసి తేల్చుకోవాలి.

నేనైతే నీళ్ల మీద గూడు కట్టే టెట్రాగ్నాతాతో పాటు, పెరటి మొక్కల మధ్య ఎక్స్ గుర్తుతో గూడు కట్టే ఆర్జియోపిని కూడా తీసుకుంటాను. చేలో, పెరట్లో గూడు కట్టే వేళకి తేమ ఎంతుందో ముందే కొలిచి పెట్టుకుంటాను. 90 శాతం పైనున్న డబ్బాలో టెట్రాగ్నాతా జిగురు ఎక్కువ పట్టు చూపి, ఆర్జియోపిది జారిపోతే, తడి చేనుకి తగ్గ జిగురు ఉందనడానికి ఆధారం దొరుకుతుంది. రెండూ ఒకేలా ఉంటే, తర్వాత చూడాల్సింది గూటి ఆకారం, దారాల మధ్య ఎడం.